మహిళల కబడ్డీ పోటీకి స్పాన్సర్లను కూడగట్టడం ఎలా

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో మహిళల కబడ్డీ పోటీ నిర్వహించి, ఆడిన అమ్మాయిలకు పారితోషికం కూడా ఇవ్వదలచిన వారు మొదట మానుకోవలసింది "ఆడపిల్లలను ప్రోత్సహించండి" అన్న వినతిపత్రం. అది చదివిన వ్యాపారి చందా పుస్తకంలో అయిదు వందలు రాసి పంపుతాడు. వినాయక చవితి పందిరికీ అంతే రాస్తాడు. చందా ఒకసారితో సరి, ప్రకటన మాత్రం లాభం కనిపిస్తే ఏటా కొంటారు. కనుక మీరు అమ్మేదేమిటో ముందుగా తేల్చుకోవాలి: చూడడానికి ఎందరు వస్తారు, వారిలో ఆడవారెందరు, ఏయే ఊళ్ల వారు.

ఆ లెక్క కోసం ఇరవై రూపాయలైనా టికెట్టు పెట్టి, గేటు దగ్గర టికెట్టు చించే మనిషి చేత ఊరి పేరు అడిగించి గీత పెట్టించండి. 2023లో క్రికెట్ మహిళల ప్రీమియర్ లీగ్ మొదటి సీజనుకు ఆడవారిని ఉచితంగా రానిచ్చారు కదా అనవచ్చు. ఆ లీగ్ నిర్వాహకులకు అయిదేళ్ల ప్రసార హక్కుల మీద 951 కోట్లు వచ్చాయి. మనకు చేతిలో ఉన్నది ఆ గీతల కాగితమే. చీరల దుకాణం యజమానికి అది చూపితే మాట తీరు మారుతుంది.

తేదీ విషయంలో నా అభిప్రాయం సంక్రాంతి వైపే. దసరా తరువాత వచ్చే విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవానికి జనం విరగబడి వస్తారు గానీ, దుకాణాల ప్రచారపు డబ్బు దసరాకే అయిపోయి ఉంటుంది; కనుమ మర్నాడైతే పుట్టింటికి వచ్చిన ఆడపడుచులు ఊళ్లోనే ఉంటారు. మగవారి పోటీకి ముందు ఆటగా మాత్రం పెట్టవద్దు. 2016లో ప్రో కబడ్డీకి అనుబంధంగా మూడు జట్లతో జరిగిన మహిళల పోటీ ఆ ఒక్క ఏడాదితోనే ఆగిపోయింది.

పైడిభీమవరం వైపు మందుల కంపెనీలను కలిసే ముందు ఒక సంగతి తెలిసి ఉండాలి. కంపెనీల చట్టం ప్రకారం సీఎస్‌ఆర్ (కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టే) నిధులను గ్రామీణ, జాతీయ, ఒలింపిక్ క్రీడల శిక్షణకు వాడవచ్చు గానీ, తమ సరుకు ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్‌ను నిబంధనలు సీఎస్‌ఆర్ ఖర్చుగా ఒప్పుకోవు. అందువల్ల శిక్షణకు ఒక ఉత్తరం, జెర్సీ మీద పేరుకు, ఫ్లెక్సీకి వేరొక ఉత్తరం రాయాలి. రెండూ ఒకే కాగితంలో కలిపితే ఆ ఫైలు రెండు బల్లల మధ్య తిరుగుతూనే ఉంటుంది.

ఫ్లెక్సీ కట్టే చోటు చిన్న విషయంలా కనిపిస్తుంది. మొదటి ఏడాది మేము పెద్ద స్పాన్సర్ ఫ్లెక్సీని జనానికి బాగా కనబడాలని గేటు పక్కన కట్టాము. ఫోనులో ప్రత్యక్ష ప్రసారం తీసిన కుర్రవాడు స్టాండును అదే వైపు పెట్టి, కోర్టు వైపు తిప్పాడు. మూడు గంటల వీడియోలో ఆ దుకాణం పేరు ఒక్కసారీ పడలేదు. ముందు కెమెరా చోటు నిర్ణయించి, కూతకు వెళ్లే అమ్మాయి వెనుక కనబడేలా ఫ్లెక్సీ కట్టాలి.

ప్రచారంలో "నారీ శక్తి" వంటి మాటల కన్నా క్రీడాకారిణి పేరు, ఊరు, నిరుటి పాయింట్లు రాయండి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి ఊసవానిపేట అమ్మాయి అనీ, కొండవెలగాడ అంటే వెయిట్‌లిఫ్టర్ల ఊరనీ ఇక్కడ అందరికీ తెలుసు; మనవాళ్లు ఆటను ఊరి పేరుతో గుర్తుపెట్టుకుంటారు. ఫొటో వాడుకునే ముందు అమ్మాయి అనుమతి, మైనరైతే తల్లిదండ్రుల సంతకం, జెర్సీ డబ్బులో ఆమె వాటా కాగితం మీద ఉండాలి.

పోటీ ముగిసిన వారంలోపే టికెట్ల లెక్క, ఊళ్ల పట్టిక, ఫ్లెక్సీ కనబడే నాలుగు ఫొటోలు తీసుకుని ప్రతి స్పాన్సర్ దగ్గరకూ స్వయంగా వెళ్లండి. వచ్చే ఏటి మాట అప్పుడే, మార్చి లెక్కలు మూసేలోగా అడగండి.