కొలంబోలో ఉద్యోగమొస్తే విశాఖలో ఏ దరఖాస్తు ముందు, ఏది తర్వాత

అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీల చుట్టుపక్కల వాళ్లకి శ్రీలంక పేరు కొత్త కాదు. అక్కడి బ్రాండిక్స్ శ్రీలంక కంపెనీయే. మా మేనల్లుడికి కొలంబోలో ఉద్యోగం ఖాయమైనప్పుడు ఇంట్లో అందరూ ఒకటే మాట: "పక్కూరే కదా, చెన్నైలో విమానమెక్కితే గంటన్నర." గడియారం కూడా తిప్పుకోనక్కర్లేదు, అక్కడా ఇక్కడా టైము ఒకటే. దారి దగ్గరైతే కాగితాలూ తగ్గుతాయనుకున్నాం. అక్కడే దెబ్బతిన్నాం. ఈ పనుల్లో సగం మనిషి ఇక్కడుండి సంతకం పెడితేనే అయ్యేవి. విమానమెక్కాక ఒక్కోదానికి మూడింతలు తిరగాలి.

ముందు అక్కర్లేనిది తీసేద్దాం. ఈసీఆర్ పాస్‌పోర్టు (అంటే 'ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్' కిందికి వచ్చేది) ఉన్నవాళ్లు ఉద్యోగానికి వెళ్లేముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అనే ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన దేశాలు 18 ఉన్నాయి. గల్ఫ్ దేశాలు, మలేషియా లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి, శ్రీలంక లేదు. కాబట్టి ఆ క్లియరెన్సూ అక్కర్లేదు, దానితో కట్టాల్సిన ప్రవాసీ భారతీయ బీమా యోజన అనే వలస కార్మికుల బీమా కూడా తప్పనిసరి కాదు. "ఎమిగ్రేషన్ స్టాంపు నేను వేయిస్తా" అంటూ డబ్బడిగే ఏజెంటు ఎదురైతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

వీసా దరఖాస్తు కంపెనీ వైపు నుంచి మొదలవుతుంది. వాళ్లు అక్కడ అనుమతి తెచ్చుకుంటే మీకు ఎంట్రీ వీసా వస్తుంది, దాని మీద వెళ్లాక రెసిడెన్స్ వీసాగా మార్చుకోవాలి. "ముందు టూరిస్టు వీసా మీద వచ్చేయండి, తర్వాత చూసుకుందాం" అని కంపెనీ అన్నా ఒప్పుకోకండి. టూరిస్టు వీసా మీద ఉద్యోగం చేయకూడదు. విశాఖలో శ్రీలంక కార్యాలయం లేదు, మనకి దగ్గర్లో ఉన్నది చెన్నైలోని డిప్యూటీ హైకమిషన్.

పీసీసీ: మొదలెట్టాల్సింది దీనితోనే

పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌ని అందరూ పీసీసీ అంటారు. ఇది టూరిస్టు వీసాకి ఇవ్వరు. ఉద్యోగం, నివాసం, దీర్ఘకాలిక వీసాల కోసమే ఇస్తారు. ఆఫర్ లెటరు చేతికొచ్చిన రోజే పాస్‌పోర్ట్ సేవా పోర్టల్లో ఖాతా తెరిచి, విశాఖపట్నం ప్రాంతీయ కార్యాలయాన్ని ఎంచుకుని, పీసీసీ దరఖాస్తు నింపండి. ఏ దేశానికి వెళ్తున్నారో అందులో రాయాలి, సర్టిఫికెట్ ఆ దేశం పేరు మీదే వస్తుంది. సింగపూర్ కోసం తీసుకున్న పాతది ఉంది కదా అని దాన్నే కొలంబోకి పంపితే కుదరదు. ఫీజు 500 రూపాయలు, ఆన్‌లైన్లో కట్టి స్లాట్ పెట్టుకోవాలి. ఆ రోజు కుదరకపోతే తేదీ మార్చుకోవచ్చు, కానీ మూడుసార్లే.

మా వాడు తప్పు చేసింది చిరునామా దగ్గర. ఉంటున్నది మధురవాడలో అద్దె ఇంట్లో, పాస్‌పోర్టులో ఉన్నది అనకాపల్లి సొంతింటి చిరునామా. రెండూ ఒకటైతే తిరుగుడు తగ్గుతుందని ప్రస్తుత చిరునామా దగ్గర కూడా అనకాపల్లే రాశాడు. వెరిఫికేషన్‌కి వచ్చిన కానిస్టేబుల్‌కి మా అక్క ఉన్న మాట ఉన్నట్టు చెప్పేసింది: "ఆడు ఇక్కడెక్కడున్నాడు బాబూ, వైజాగులో ఉంటున్నాడు." రిపోర్టు అలాగే వెళ్లింది, ఫైలు ఆగిపోయింది. మధురవాడ విశాఖ నగర కమిషనరేట్ కిందికి వస్తుంది, అనకాపల్లి 2022 నుంచి వేరే జిల్లా, దాని ఎస్పీ వేరు. ఒకచోట ఆగిన కాగితాన్ని రెండోచోటికి కదిలించడానికి వాడు సెలవు మీద సెలవు పెట్టాల్సొచ్చింది.

కాబట్టి నిజంగా ఎక్కడుంటున్నారో అదే రాయండి. దానికి రుజువు కావాలి: చిరునామా మార్పించిన ఆధార్, కరెంటు బిల్లు, గ్యాస్ కనెక్షన్ కాగితం, రిజిస్టరైన అద్దె ఒప్పందం లాంటివి. పది రూపాయల స్టాంపు కాగితం మీద ఓనరు సంతకం పెట్టిచ్చిన ఒప్పందాన్ని నమ్ముకోవద్దు. అన్నిటికన్నా తేలిక ముందే ఆధార్‌లో చిరునామా మార్పించుకోవడం.

స్లాట్ రోజు మర్రిపాలెం పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి పావుగంట ముందు చేరితే చాలు, గంట ముందొచ్చినా లోపలికి పంపరు. ఒరిజినల్ పాస్‌పోర్టు, దాని మొదటి రెండు చివరి రెండు పేజీల జిరాక్సులు మీ సంతకంతో, చిరునామా రుజువు, ఆఫర్ లెటరు పట్టుకెళ్లాలి. టోకెన్ ఇస్తారు. 'ఎ' కౌంటర్లో కాగితాలు స్కాన్ చేసి ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు, 'బి'లో అధికారి ఒరిజినల్స్ చూస్తారు, 'సి'లో ఆమోదం. మా వాడి ముందు నుంచున్న పెద్దాయనకి కుడిచేతి వేళ్లు ఎన్నిసార్లు పెట్టినా ముద్ర పడలేదు. చొక్కా అంచుకి తుడిచి, నోటి ఆవిరి ఊది మళ్లీ పెడితే పడింది. రసాయనాల్లో, సిమెంటులో పనిచేసే చేతులైతే ముందు రోజు రాత్రి కాస్త కొబ్బరినూనె రాసుకోండి.

డిగ్రీ సర్టిఫికెట్లకి ధ్రువీకరణ కావాలో లేదో, కావాలంటే ఏ రకమో కంపెనీ చేత మెయిల్లో రాయించుకోండి. రాష్ట్ర స్థాయిలో ముద్ర పడ్డాకే విదేశాంగ శాఖ దాకా వెళ్తుంది, అదీ వాళ్లు నియమించిన ఏజెన్సీల ద్వారానే. నోటిమాట నమ్మి అక్కర్లేని ముద్రలకి డబ్బు పోసినవాళ్లని చాలామందిని చూశాను.

పన్ను: అంతా బయల్దేరే తేదీలోనే ఉంది

ఉద్యోగం కోసం దేశం వదిలే భారతీయుడు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజుల కన్నా తక్కువుంటే పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 28 దాకా లెక్కేస్తే 181 రోజులు. అంటే సెప్టెంబరు మూడోవారంలోగా విమానమెక్కితే ఆ ఏడాది కొలంబో జీతం మీద ఇక్కడ పన్ను ఉండదు. దసరా చూసుకుని వెళ్తానంటే పండగ బాగానే ఉంటుంది. ఆ ఏడాదికి మాత్రం మీరు రెసిడెంటే. అక్కడి జీతం ఇక్కడి రిటర్నులో చూపాలి, అక్కడ కట్టిన పన్నుకి రెండు దేశాల ఒప్పందం ప్రకారం క్రెడిట్ అడగాలి, కొలంబో బ్యాంకు ఖాతాని కూడా విదేశీ ఆస్తుల షెడ్యూల్లో రాయాలి. చేరే తేదీని రెండు వారాలు ముందే పెట్టమని కంపెనీని అడగడానికి మొహమాటపడకండి.

శ్రీలంకలోనూ పన్ను సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి దాకానే. అక్కడ 183 రోజులుంటే రెసిడెంట్. 2025 ఏప్రిల్ నుంచి రెసిడెంట్లకి ఏడాదికి 18 లక్షల శ్రీలంక రూపాయల దాకా మినహాయింపు ఉంది. ఆ పైన మొదటి 10 లక్షలకి 6 శాతం, తర్వాతి 5 లక్షలకి 18, ఆ తర్వాతి 5 లక్షలకి 24, ఇలా 36 దాకా పెరుగుతుంది. నెలకి 3 లక్షల శ్రీలంక రూపాయలిస్తామన్నారనుకోండి. ఏడాదికి 36 లక్షలు, మినహాయింపు పోగా 18 లక్షలు. పన్ను 60 వేలు, 90 వేలు, 72 వేలు కలిపి 2,22,000, నెలకి 18,500. దీనికి తోడు అక్కడి ఈపీఎఫ్‌కి ఉద్యోగి వాటా 8 శాతం, 24 వేలు. చేతికొచ్చేది 2,57,500. శ్రీలంక రూపాయి మన రూపాయి కాదు సుమా, మార్చి చూసుకున్నాకే సంబరపడాలి. ఇక్కడ పీఎఫ్ కడుతున్నాం కదా, అక్కడ వదిలేయమంటే కుదరదు. ఆ దేశంతో మనకి సామాజిక భద్రత ఒప్పందం లేదు.

బ్యాంకుకి వెళ్లేముందు ఉద్యోగానికే వెళ్తున్నామని చెప్పే కాగితాలు పట్టుకెళ్లండి: పాస్‌పోర్టు, వీసా, పాన్, అక్కడి చిరునామా. మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్ఆర్ఓగా, అంటే బయటి దేశంలో ఉండేవాళ్లు ఇక్కడి ఆదాయం కోసం ఉంచుకునే ఖాతాగా, మార్పించుకోవాలి. తమాషా ఏంటంటే, నేపాల్‌కో భూటాన్‌కో వెళ్లేవాళ్లకి రిజర్వు బ్యాంకు ఈ నిబంధన పెట్టలేదు. ఎన్ఆర్ఓ వడ్డీ మీద 30 శాతం, ఆపై సెస్సు కోసేస్తారు. మీ పన్ను అంతకన్నా తక్కువైతే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి. అక్కడి నుంచి పంపే డబ్బుకి ఎన్ఆర్ఈ ఖాతా వేరుగా తెరవండి, దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ఎండాడలోనో మరోచోటో ఫ్లాట్ ఉండి అద్దెకిస్తే, మీరు నాన్ రెసిడెంట్ అయ్యాక ప్రతి నెలా అద్దెలోంచి టీడీఎస్, అంటే ముందస్తు పన్ను, కోయాల్సింది అద్దెకున్నాయన. ఆ సంగతి ఆయనకి మీరే చెప్పాలి.

బీమా

ఇక్కడి ఆరోగ్య బీమా పాలసీలు చాలావరకు ఈ దేశంలో చేయించుకునే వైద్యానికే వర్తిస్తాయి. అలాగని రద్దు చేయొద్దు. పాత జబ్బులకి వేచి ఉండే గడువు మూడేళ్ల దాకా ఉంటుంది, ఐదేళ్లు ఆపకుండా కడితే ఆ తర్వాత పాత వివరాలు దాచారని క్లెయిమ్ తోసేయడం కంపెనీకి కష్టం. తిరిగొచ్చాక కొత్త పాలసీ తీసుకుంటే ఆ లెక్క మళ్లీ మొదటి రోజు నుంచి. అమ్మానాన్నలు మీ పాలసీలోనే ఉంటే ఇంక ఆలోచించేదేముంది? కొలంబోలో కంపెనీ ఇచ్చే వైద్య బీమా ఏ రోజు నుంచి మొదలవుతుందో అడగండి. ప్రొబేషన్ అయ్యాకే అంటే, ఆ మధ్య నెలలకి ప్రయాణ బీమా ఇక్కడుండగానే కొనుక్కోవాలి. టర్మ్ పాలసీ ఉన్నవాళ్లు దేశం మారుతున్నామని కంపెనీకి రాసి, అందినట్టు జవాబు దాచుకోండి.

ఇంటి పనులకి తల్లికో తమ్ముడికో ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ కూడా వెళ్లేలోపే సబ్ రిజిస్ట్రార్ దగ్గర పూర్తిచేసుకోండి. అక్కడికెళ్లాక రాస్తే కొలంబోలోని మన హైకమిషన్లో ధ్రువీకరించి పంపాలి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఆధార్‌కి, బ్యాంకుకి ఉన్న ఫోన్ నంబరుకి రోమింగ్ పెట్టించి, బీచ్ రోడ్డులో ఉండగానే అది ఆన్ అయిందో లేదో ఫోన్ కంపెనీని అడిగి చూసుకోండి. ఓటీపీ రాకపోతే రిటర్నూ లేదు, బ్యాంకూ లేదు.

దిగాక రెసిడెన్స్ వీసా కోసం ఆరోగ్య పరీక్ష ఉంటుంది: టీబీ, హెచ్ఐవీ, మలేరియా, బోదకాలు. మన ఉత్తరాంధ్ర వాళ్లకి ఆ చివరి పేరు వినగానే గుండె ఝల్లుమంటుంది గానీ, అది అందరికీ చేసే రక్తపరీక్షే. ఆ తర్వాత బత్తరముల్లలోని ఇమ్మిగ్రేషన్ శాఖ కార్యాలయంలో పాస్‌పోర్టు ఇవ్వాలి. మా వాడు అక్కడ వరుసలో నుంచుని ఫోన్ చేశాడు: "మావయ్యా, ఇక్కడ కూడా టోకెనే."