బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ని దూరంగా ఉన్న సర్వర్‌కి కలిపే ముందు

షాపు కోఠిలో, బిల్లుల డేటా ఉండే డేటాబేస్ సర్వర్ గచ్చిబౌలిలో ఉందనుకోండి. కలిపే ముందు ఇవి చూసుకోండి.

– బ్యాకప్ తీసి ఊరుకోకండి, వేరే సిస్టమ్‌లో రీస్టోర్ చేసి చూడండి.

– డేటాబేస్‌లోకి దారి అయిన పోర్టుని (మైఎస్‌క్యూఎల్‌కి 3306, పోస్ట్‌గ్రెస్‌కి 5432) ఇంటర్నెట్ మొత్తానికీ తెరవకండి. కనెక్ట్ కావట్లేదని ఫైర్‌వాల్‌లో 0.0.0.0/0 (అంటే ఎక్కడి నుంచైనా రావచ్చని) పెట్టేస్తుంటారు, దయచేసి ఆ పని మాత్రం వద్దు. షాపు ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) ఒక్కదానికే అనుమతివ్వండి. మామూలు బ్రాడ్‌బ్యాండ్‌లో ఐపీ మారుతుంటుంది కాబట్టి స్టాటిక్ (మారని) ఐపీ తీసుకోవాలి, లేదా వీపీఎన్ (షాపుకీ సర్వర్‌కీ మధ్య సొంత రహస్య దారి) పెట్టాలి. నా ఓటు వీపీఎన్‌కే.

– అన్ని హక్కులూ ఉండే రూట్ యూజర్‌తో కలపొద్దు. వేరే యూజర్‌ని చేసి, కావలసిన టేబుళ్లకే హక్కులివ్వండి. ఆ పాస్‌వర్డ్ ప్రతి కౌంటర్‌ సిస్టమ్‌లోనూ ఉంటుంది మరి.

– టీఎల్‌ఎస్ (దారిలో డేటా ఎవరూ చదవకుండా చేసే ఎన్‌క్రిప్షన్) ఆన్ చేయండి. పోస్ట్‌గ్రెస్‌లో ఎస్‌ఎస్‌ఎల్‌మోడ్ సెట్టింగ్‌కి 'రిక్వైర్' చాలదు. సర్వర్ అసలుదో కాదో పూర్తిగా సరిచూసేది 'వెరిఫై-ఫుల్'.

– సాయంత్రం గిరాకీ వేళ ముట్టుకోకండి, షట్టర్ దించాకే.