సెక్యూరిటీ క్లియరెన్స్ ఫారంలో గంజాయి ప్రశ్న వస్తే ఎలా నింపాలి?

అమెరికాలో డిఫెన్స్ కాంట్రాక్టర్ దగ్గర ఆఫర్ వచ్చింది, సిటిజెన్‌షిప్ ఉంది, అంతా బానే ఉంది, తీరా క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్య సమాచారం చూడ్డానికి ఇచ్చే అనుమతి) కోసం నింపే ఎస్‌ఎఫ్-86 ఫారం ఓపెన్ చేసి డ్రగ్స్ గురించి అడిగే సెక్షన్ 23 దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. కాలేజీలో నాలుగుసార్లు వీడ్ కొట్టిన సంగతి రాయాలా వద్దా? ఇంట్లో అడిగితే "ఎవడికి తెలుస్తుందిరా, నో అని పెట్టెయ్" అంటారు. ఆ మాట మాత్రం వినకండి.

1. ప్రశ్న మొత్తం చదవండి. మామూలుగా అడిగేది గత 7 ఏళ్ళ సంగతి, కానీ క్లియరెన్స్ ఉండగా వాడారా అన్నదానికి ఏళ్ళ లెక్క లేదు, ఎప్పుడు వాడినా చెప్పాల్సిందే. కాలిఫోర్నియాలో లీగలే కదా అంటే కుదరదు, ఇక్కడ చూసేది ఫెడరల్ చట్టం. రూమ్మేట్ దగ్గర తీసుకుని పరీక్షల ముందు మింగిన ఆడరాల్ (డాక్టర్ చీటీ మీద ఇచ్చే ఏకాగ్రత మందు) కూడా లెక్కలోకే వస్తుంది, పెళ్ళికని ఇండియా వచ్చి గోవాలో కొట్టిన దమ్ము కూడా అంతే.

2. ఇంకా వాడుతుంటే ఇవాళే ఆపండి. ప్రస్తుతం వాడేవాళ్ళకి క్లియరెన్స్ ఇవ్వకూడదని చట్టమే ఉంది, బాండ్ సవరణ అంటారు. మానేసి ఎన్నాళ్ళయితే చాలు అంటే ఫిక్స్‌డ్ లెక్క ఏమీ లేదు. 2021 డిసెంబర్లో నేషనల్ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ ఇచ్చిన గైడెన్స్ ప్రకారం పాత గంజాయి వాడకాన్ని చూస్తారు గానీ అదొక్కటే చూసి తేల్చెయ్యరు. ఇకమీదట ముట్టనని సంతకం పెట్టిన స్టేట్‌మెంట్ ఇస్తే అదీ పనికొస్తుంది. సీబీడీ (గంజాయి మొక్క నుంచి తీసే, మత్తెక్కించని పదార్థం) గమ్మీల జోలికి కూడా పోకండి, డ్రగ్ టెస్ట్‌లో టీహెచ్‌సీ (గంజాయిలో మత్తెక్కించేది) కనపడితే అది గమ్మీ వల్లే అని చెప్పి ఒప్పించడం కష్టం.

3. ఉన్నది ఉన్నట్టు రాయండి. మొదట ఎప్పుడు, చివరిగా ఎప్పుడు, సుమారు ఎన్నిసార్లు. తేదీ సరిగ్గా గుర్తులేకపోతే అంచనా అని టిక్ పెట్టొచ్చు. అన్నట్టు, ఈ సెక్షన్లో నిజంగా ఇచ్చిన జవాబుల్ని మీ మీద క్రిమినల్ కేసులో సాక్ష్యంగా వాడరని ఫారంలోనే రాసుంటుంది, చాలామంది ఆ లైన్ చదవకుండానే భయపడతారు. అబద్ధానికి మాత్రం ఆ రక్షణ లేదు, ఫెడరల్ ఫారంలో కావాలని తప్పు రాస్తే 5 ఏళ్ళ వరకు జైలు పడొచ్చు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. క్లియరెన్స్ ఇవ్వాలో వద్దో తేల్చడానికి 2017 నుంచి నడుస్తున్న 13 గైడ్‌లైన్స్‌లో డ్రగ్స్ ఒకటి, వ్యక్తిగత ప్రవర్తన ఇంకొకటి. ఆరేళ్ళ కిందటి గంజాయికి ఆరేళ్ళ వయసుంటుంది, అది పాతది, మళ్ళీ జరగదని చెప్పుకోవచ్చు, కానీ నిన్న ఫారంలో రాసిన అబద్ధానికి ఒక్కరోజే వయసు, దాన్ని పాతదని ఎలా చెప్తారు? పైగా ఇన్వెస్టిగేటర్ మీ రూమ్మేట్లతో, పాత ఫ్రెండ్స్‌తో మాట్లాడతాడు, వాళ్ళు మీకోసం అబద్ధం ఆడరు, ఆడాలని అనుకోవడమూ తప్పే.

4. ఇప్పటికే నో అని పంపేశారా? అయితే ఇన్వెస్టిగేటర్లు మీ ముందు సాక్ష్యం పెట్టకముందే మీరే చెప్పి సరిచేయండి. ఇది గైడ్‌లైన్స్‌లో మీకు అనుకూలంగా లెక్కలోకి వస్తుంది. పట్టుకున్నాక "మర్చిపోయాను" అంటే ఆ విలువ ఉండదు. క్లియరెన్స్ ఎందుకు ఇవ్వలేకపోతున్నారో చెప్పే కారణాల నోటీసు చేతికి వచ్చేదాకా వెళ్తే మాత్రం జవాబుకి టైం తక్కువ, ఇలాంటి కేసులు చూసే లాయర్‌ని పట్టుకోండి.

ఇంకొకటి, గ్రీన్ కార్డ్, హెచ్-1బీ వాళ్ళు ఇది చదివి ఎక్కడపడితే అక్కడ ఒప్పేసుకోకండి, మీకు ఇమ్మిగ్రేషన్ చిక్కులు వేరే ఉంటాయి, ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి.

సబ్మిట్ చేసిన ఫారం కాపీ దాచుకోండి. క్లియరెన్స్ వచ్చాక కూడా చెకింగ్ నడుస్తూనే ఉంటుంది, మళ్ళీ ఫారం నింపేరోజున రెండు చోట్లా వేరే వేరే లెక్కలు ఉంటే కొత్త తలనొప్పి.