అరుదైన భార కేంద్రకాల అధ్యయనం: హైదరాబాద్ విద్యార్థి ఎక్కడ మొదలుపెట్టాలి

ఉస్మానియాలోనో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనో భౌతికశాస్త్రంలో ఎం.ఎస్సీ. చేస్తూ, బంగారం, ప్లాటినం వంటి మూలకాల పుట్టుకను తేల్చే పరిశోధనలోకి రావాలనుకునేవారు యాక్సిలరేటర్ (కేంద్రకాలను వేగంగా పంపే యంత్రం) గురించి తరువాత ఆలోచించవచ్చు. ఏ కేంద్రకాన్ని కొలిస్తే ఏ ప్రశ్న తేలుతుందో ముందుగా నిర్ణయించుకోవాలి.

న్యూట్రాన్ తారలు ఢీకొన్నప్పుడు కేంద్రకాలు బీటా క్షయానికి, అంటే లోపలి న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారడానికి, వ్యవధి దొరకనంత వేగంగా న్యూట్రాన్లను గ్రహిస్తాయి. 126 న్యూట్రాన్లు నిండిన చోట ఆ వేగం మందగించి, పదార్థం పోగుపడుతుంది. ఉదాహరణకు 69 ప్రోటాన్లు, 126 న్యూట్రాన్లు గల తులియం-195, దారిలో న్యూట్రాన్ ఏదీ జారిపోకపోతే, తొమ్మిది బీటా క్షయాల తరువాత ప్లాటినం-195గా స్థిరపడుతుంది. ద్రవ్యరాశి సంఖ్య (ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం) 195 దగ్గర మూలకాల పరిమాణంలో కనిపించే సమృద్ధి శిఖరం ఇలా ఏర్పడినదే. ఈ వరుసలో సీసానికి దిగువన కొలతలు చాలా తక్కువ గనుక కొత్తవారు అక్కడే దృష్టి పెట్టడం మేలని నా అభిప్రాయం.

మొదటి పని ఇంట్లో కూర్చుని చేయదగినదే. 2020 నాటి అణు ద్రవ్యరాశుల పట్టిక ఉచితంగా దొరుకుతుంది. అందులో బంగారం-197 ద్రవ్యరాశి మిగులు (అసలు ద్రవ్యరాశికీ ద్రవ్యరాశి సంఖ్యకూ ఉన్న తేడా, శక్తి యూనిట్లలో) మైనస్ 31.140, బంగారం-198ది మైనస్ 29.581, న్యూట్రాన్‌ది 8.071 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. మొదటిదానికి న్యూట్రాన్ విలువ కలిపి, రెండవదాన్ని తీసివేస్తే 6.512 వస్తుంది, బంగారం-198 నుంచి ఒక న్యూట్రాన్‌ను విడదీయడానికి కావలసిన శక్తి అదే. న్యూట్రాన్లు పెరిగేకొద్దీ ఈ శక్తి మొత్తం మీద తగ్గుతూ వస్తుంది, రెండు మూడు మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ప్రాంతంలో పైన చెప్పిన శీఘ్ర న్యూట్రాన్ గ్రహణ ప్రక్రియ సాగుతుంది. పట్టికలో హ్యాష్ గుర్తు ఉన్న విలువలు నేరుగా కొలిచినవి కావు, అంచనాలు. ఆ కేంద్రకాలను వరుసగా రాసిపెట్టుకోండి.

ఉత్పత్తికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి, బరువైన కేంద్రకాన్ని వేగంగా పంపి ముక్కలు చేయడం: అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ప్లాటినం-198 పుంజాన్ని కర్బన లక్ష్యానికి తాకించి సాధించిన లుటీషియం-190ని 2024లో ప్రకటించారు. దానిలో 119 న్యూట్రాన్లే ఉన్నాయి, 126కు ఇంకా ఏడు తక్కువ. రెండవది, తక్కువ వేగంతో ఢీకొట్టి కేంద్రకాల మధ్య న్యూట్రాన్లను, ప్రోటాన్లను మార్పిడి చేయించడం. జపాన్‌లోని వాకోలో యురేనియం-238ను ప్లాటినం-198పై పంపి, యురేనియం-241ను కనుగొన్నట్లు 2023లో వెల్లడించింది ఈ పద్ధతితోనే.

అసలు కష్టమంతా వేరుచేయడంలో ఉంది. మార్పిడిలో పుట్టిన కేంద్రకాలు అనేక కోణాల్లో, రకరకాల శక్తులతో వెలువడతాయి కాబట్టి వాటిని ఆర్గాన్ వాయువులో ఆపి, తటస్థ పరమాణువులుగా మారనిస్తారు. కోరిన మూలకానికి మాత్రమే సరిపోయే తరంగదైర్ఘ్యాలున్న లేజర్లు దాన్ని అయానుగా మారుస్తాయి, ఆపై అయస్కాంతం ద్రవ్యరాశి సంఖ్యను ఎంచుతుంది. చివరికి అయాన్లను విద్యుత్ అద్దాల మధ్య పదేపదే పరావర్తనం చెందించి ప్రయాణకాలాన్ని కొలుస్తారు. అది ద్రవ్యరాశి వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది. ఒకే ద్రవ్యరాశి సంఖ్య గల ఇరుగుపొరుగు కేంద్రకాల మధ్య తేడా లక్షలో రెండు మూడు వంతులే కావచ్చు, అందుకే అన్నిసార్లు తిప్పుతారు.

ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ విశ్వవిద్యాలయ పరిశోధకుల ప్రతిపాదనలను స్వీకరిస్తుంది. 126 వరుసలోని ఆ కేంద్రకాలు అక్కడ దొరకకపోయినా, జెర్మేనియం డిటెక్టర్లతో గామా కిరణాలను కొలవడం నేర్చుకోవడానికి అది చక్కని చోటు.

ఎక్కడికి ప్రతిపాదన పంపినా గణనల రేటు లెక్క తప్పనిసరి. చదరపు సెంటీమీటరుకు ఒక మిల్లీగ్రాము ప్లాటినం-198లో సుమారు 30 వేల కోట్ల కోట్లు, అంటే 3ను 10 యొక్క 18వ ఘాతంతో గుణించినన్ని పరమాణువులుంటాయి. సెకనుకు పదివేల కోట్ల అయాన్లు, ఒక మైక్రోబార్న్ అడ్డుకోత (ఢీకొన్నప్పుడు కోరిన కేంద్రకం పుట్టే అవకాశానికి కొలత, 10 యొక్క మైనస్ 30వ ఘాతం చదరపు సెంటీమీటర్లు) అనుకుంటే సెకనుకు 0.3 కేంద్రకాలు పుడతాయి. వాటిలో వెయ్యికి ఒకటే డిటెక్టర్‌కు చేరితే రోజుకు సుమారు 26 దక్కుతాయి. పది రోజులకు 260. అర్ధాయువులో (సగం కేంద్రకాలు క్షయం చెందే కాలంలో) గణాంక అనిశ్చితి ఆరు శాతం దగ్గర నిలుస్తుంది. అనిశ్చితి సగమవ్వాలంటే గణనలు నాలుగింతలు కావాలి గనుక, సుమారు మూడు శాతం కావాలంటే నలభై రోజుల పుంజం అడగవలసి వస్తుంది.