ఎగిరే పాలపిట్టను ఫొటో తీయడం ఎలా?

కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్టను చాలామంది తీస్తారు. ఆ ఫొటోలో గోధుమరంగు ఛాతీయే ఎక్కువగా కనిపిస్తుంది. నీలాలన్నీ బయటపడేది రెక్క విప్పినప్పుడే. ఆ క్షణం దొరకాలంటే పెద్ద లెన్స్ కన్నా ముందు పిట్ట అలవాటు తెలియాలి. మిడత కోసం కిందికి దూకిన పాలపిట్ట చాలాసార్లు మళ్లీ అదే చోటికి వచ్చి వాలుతుంది. కాబట్టి దాని వెంట పడొద్దు, అది వాలే చోటు కనిపెట్టండి.

ముందు చోటు చూసుకోండి. వరంగల్ జిల్లాలో నర్సంపేట మీదుగా పాకాల వెళ్తుంటే చెరువు దాకా పోనక్కర్లేదు, దారి పక్క పొలాల మీది తీగలు గమనిస్తే చాలు. వరి కోతలయ్యాక, దుక్కి దున్నేటప్పుడు పురుగులు పైకి వస్తాయి, వాటి కోసం పిట్టలూ వస్తాయి. పొద్దున తొమ్మిదిలోపు పని ముగించండి. ఎండ ముదిరితే నేల సెగకు గాలి అల్లాడి, ఎంత మంచి లెన్స్‌తో తీసినా బొమ్మ మసకబారుతుంది.

ఇప్పుడు ఎక్కడ నిలబడాలి? ఎండ, గాలి రెండూ మీ వెనక నుంచి వచ్చే చోట. పక్షులు సాధారణంగా గాలికి ఎదురుగా ఎగురుతాయి, వాలుతాయి. అంటే పిట్ట మీ వైపు వస్తుంది, రెక్కల మీద వెలుగు పడుతుంది. బండి దిగి నడిచే మనిషిని చూసి బెదిరినంతగా ఆగి ఉన్న బండిని చూసి బెదరదు. కారులో ఉంటే అద్దం దించి అక్కడి నుంచే తీయండి.

కెమెరాకు 70-300 ఎంఎం జూమ్ లెన్స్ సరిపోతుంది. షట్టర్ వేగం 1/2000 సెకను, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందన) ఆటో, బటన్ నొక్కి పట్టినంతసేపూ వరసగా ఫొటోలు తీసే బర్స్ట్ మోడ్. ఫోకస్ ఏఎఫ్-సి (కదిలేదాన్ని వెంబడించే ఫోకస్) మీద ఉంచండి, కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లో అదే ఏఐ సర్వో. వెనక ఆకాశం ఉంటే ఎక్స్‌పోజర్ +1 చేయండి, లేకపోతే పిట్ట నల్లగా వస్తుంది. పచ్చని పొలం ఉంటే సున్నా దగ్గరే ఆపాలి. జూమ్ పూర్తిగా లాగొద్దు, రెక్కలు విచ్చుకోవడానికి ఫ్రేమ్‌లో జాగా కావాలి.

తల వంచి నేలకేసి చూస్తూ ముందుకు వాలిందంటే దూకబోతోంది. రెట్ట వేసినా కాస్త సిద్ధంగా ఉండండి. అయితే నన్నడిగితే దూకేటప్పటికంటే తిరిగొచ్చి వాలేటప్పుడు తీయడమే తేలిక. అది వెళ్లగానే తీగ మీద ఆ చోటికి ఫోకస్ చేసి, ఫోకస్‌ను మాన్యువల్‌కు మార్చి, అపర్చర్ (లెన్స్ రంధ్రం) f/8 పెట్టి కాచుకోండి. వేగం తగ్గించుకోవడానికి రెక్కలు, తోక పూర్తిగా విప్పుతుంది. అప్పుడే నొక్కి పట్టాలి. సగం ఫొటోలు పోతాయి, దానికి టెన్షన్ పడొద్దు.

మార్చి నుంచి జూన్ దాకా జంటలు గాల్లో పల్టీలు కొడతాయి. చూడటానికి గొప్పగా ఉంటుంది, కానీ చెట్టుతొర్రలో గూడు కనిపిస్తే దూరం జరగండి. దసరాకు పంజరంలో తెచ్చి చూపించే పాలపిట్టను మాత్రం తీయకండి, డబ్బులూ ఇవ్వకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడమే నేరం.

ఇంటికొచ్చాక ముందు కన్ను పదునుగా ఉన్నవే ఉంచుకోండి. ఎడిటింగ్‌లో నీలాన్ని మరీ పెంచితే లేతనీలం, ముదురునీలం పట్టీలు కలిసిపోయి రంగు పూసినట్టు అవుతుంది. నీడలు కొంచెం తేలిక చేయండి, చాలు.