పెరటి కోళ్ల గూడు: ఎక్కడ తేడా కొడుతోంది, ఎలా సరిచేసుకోవాలి

పది పన్నెండు నాటుకోళ్లకు గూడు సొంతంగా కట్టుకోవడం పెద్ద పనేం కాదు. సరుగుడు కర్రలు, తాటాకు, పాత రేకులు, కాస్త జాలీ ఉంటే ఇద్దరు మనుషులు రెండు రోజుల్లో నిలబెడతారు. అసలు తంటా కట్టిన నెలా రెండు నెలలకు మొదలవుతుంది. మా పెరట్లో ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున కట్టిన గూటిని మూడేళ్లలో రెండుసార్లు విప్పి కట్టాను. డబ్బంతా పైకప్పుకీ గోడలకీ పెట్టి, జాలీ దగ్గర, నేల దగ్గర పిసినారితనం చూపించడమే నేను చేసిన తప్పు. కింద రాసిన ఇబ్బందుల్లో చాలావాటికి మూలం అదే.

తెల్లారేసరికి కోడి మాయం

ముందు దొంగ ఎవరో తేల్చుకోవాలి. కోడి మొత్తానికే కనబడక, కంచె దాకా ఈకలు రాలి ఉంటే బావురుపిల్లి పని కావచ్చు. జాలీ చిరిగి, నాలుగైదు కోళ్లు నలిగి పడి ఉంటే కుక్కలు. పెంకు ముక్క కూడా మిగలకుండా గుడ్లు పోతుంటే పామును అనుమానించాలి. పిల్లలు ఒకటీ అరా తగ్గుతూ, గూటి మూలన కొత్తగా తోడిన మట్టి కనిపిస్తే పందికొక్కు. ముంగిస తిరిగేది పగటిపూట. మధ్యాహ్నం పోయిన కోడి కోసం రాత్రంతా కాపలా కాసి లాభం లేదు.

వీటన్నిటికీ దారి ఇచ్చేది ఎక్కువగా జాలీయే. తేనెపట్టు గళ్లలా ఉండే పల్చటి కోళ్ల జాలీ చవకని చుట్టూ అదే కొట్టేస్తాం. నేను కొడుతుంటే చూసి మా బాబాయి, "అది కోడిని ఆపుద్దిరా, కుక్కని ఆపదు" అన్నాడు. వారం తిరక్కుండానే రెండు పెట్టలు పోయాయి.

జాలీ అంతా మార్చక్కర్లేదు. నేల నుంచి రెండడుగుల ఎత్తు వరకు అరంగుళం గళ్ల వెల్డ్ మెష్ (తీగలు అతికించిన గట్టి ఇనప జాలీ) వేసి, పైన పాతదే ఉంచేయండి. పాముల భయం ఎక్కువున్న చోట మాత్రం చూరు దాకా వెల్డ్ మెష్ తప్పదు. దాన్ని నేల దగ్గర ఆపేయకుండా మరో అడుగు బయటికి మడిచి పరిచి, మీద ఇటుకలు పేర్చి మట్టి కప్పండి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది, గోళ్లకు ఇనుము తగిలితే వదిలేస్తుంది. చుట్టూ గుంట తీసి పాతడం కన్నా ఇది తేలిక. తలుపుకి తాడు ముడి కాకుండా గడియ పెట్టండి. విషం, ఉచ్చుల జోలికి పోవద్దు. బావురుపిల్లికీ ముంగిసకీ 1972 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. పైగా ఆ విషం మన కోళ్లే తినొచ్చు.

గూడు తీయగానే కళ్లు మండుతున్నాయి

నిలబడితే అంతగా తెలియదు. కోడి తల ఎత్తుకు వంగి గాలి పీల్చి చూడండి. ఘాటుగా ముక్కు పట్టేస్తే అది అమ్మోనియా. తడిసిన రెట్ట నుంచి వస్తుంది. తర్వాత కోళ్లకు తుమ్ములు, కళ్ల నీళ్లు మొదలవుతాయి. వాన జల్లు కొడుతుందని చుట్టూ పట్టాలు బిగించేస్తాం, ఆవిరి పోయే దారి ఉండదు. నీళ్ల గిన్నె నేలమీదే ఉంటే కోళ్లు కెలికి ఊకంతా తడిపేస్తాయి.

పైకప్పు కింద అడుగు మేర నాలుగు వైపులా జాలీ మాత్రమే ఉంచి గాలికి వదిలేయండి. జల్లు కొట్టకుండా చూరు రెండడుగులు బయటికి దించండి. గూటి నేల పెరటి మట్టం కన్నా అడుగు ఎత్తున ఉండాలి. మట్టి మెత్తి రాళ్లు కొడితే చాలు, సిమెంటు అక్కర్లేదు. పైన మూడంగుళాల మందాన వరి ఊక పరిచి, రెండు మూడు రోజులకోసారి తిరగేయండి. గడ్డకట్టిన ఊక తీసేసి పొడిది వేయండి. ఊరికే సున్నం చల్లి వదిలేస్తే, తడి ఊకలో కాసేపు వాసన ఇంకా పెరుగుతుంది. నీళ్ల గిన్నెను కోడి వీపు ఎత్తుకు వచ్చేలా ఇటుకల మీద పెట్టండి.

సాయంత్రమైనా గూట్లోకి పోవడం లేదు

చెట్టెక్కి పడుకునే అలవాటనుకుంటాం. నేనూ అలాగే అనుకుని రెండు వారాలు కోళ్లను చేత్తో పట్టి లోపల వేశాను. గుడ్లు తీసిన ప్రతిసారీ మోచేతుల దాకా దురద పెడుతుంటే అప్పుడు అనుమానం వచ్చింది. రాత్రి తొమ్మిదింటికి టార్చి వేసి చూస్తే, కోళ్లు పడుకునే వెదురు కర్ర కణుపుల దగ్గర నలకల్లా ఎర్రగా కదులుతున్నాయి. ఈ రకం కోడిపేలు పగలు సందుల్లో దాక్కుని, రాత్రి నెత్తురు తాగుతాయి. అందుకే పగలు కోడిని పట్టి చూస్తే ఏమీ దొరకదు.

కర్రలు ఊడదీసి సలసల కాగే నీళ్లు పోసి, రెండు రోజులు ఎండబెట్టండి. వెదురు చివరల బోలు సిమెంటుతో పూడ్చి, చీలికల్లోకి పోయేలా చిక్కగా సున్నం కొట్టండి. వారానికి మళ్లీ టార్చి వేసి చూడండి, ఒక్క విడతతో పోవు. చీలిన వెదురు బదులు రెండంగుళాల మందమున్న నున్నటి సరుగుడు కర్ర వేసుకుంటే ఈ గొడవ చాలా తగ్గుతుంది. పెరట్లో ఓ మూల పొడిమట్టి, కట్టెల బూడిద కలిపి గుంటలో పోస్తే కోళ్లే పొర్లి ఒళ్లు దులుపుకుంటాయి.

ఎండకు నోళ్లు తెరుచుకుని రొప్పుతున్నాయి

రోహిణి కార్తెలో తక్కువ ఎత్తు రేకు కింద కోడిని ఉంచడమంటే పెనం కింద పెట్టినట్టే. గూడు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ నేరుగా లోపల పడదు. మధ్యలో కప్పు ఆరడుగులైనా ఉండాలి. ఇప్పటికే ఇంకో దిక్కున కట్టేసి ఉంటే విప్పక్కర్లేదు. పడమటి వైపు తాటాకు తడిక కట్టి, రేకు మీద తాటాకు పరచండి, లేదా తెల్లగా సున్నం కొట్టండి. జనవరిలోనే గూటి పక్కన సొర పాదు పెడితే ఎండలు ముదిరేలోపు కప్పు మీద పరుచుకుంటుంది, కాయలు లాభం. తడి గోనెపట్టాలు గాలి ఆడే వైపే కట్టాలి, అదీ పొడి గాలి ఉన్నప్పుడే. ఉక్కపోతలో వాటివల్ల ప్రయోజనం లేదు.

గుడ్లు ఎక్కడ పడితే అక్కడ పెడుతున్నాయి

గుడ్లు పెట్టడానికి ఉంచిన పెట్టెకు వెలుతురు ఎక్కువైంది, లేదా పెట్టెలు చాలలేదు. నాలుగైదు పెట్టలకు అడుగు పొడవు, అడుగు వెడల్పున్న పెట్టె ఒకటి, గడ్డి వేసి చీకటి మూలన పెట్టండి. పక్కకు వాల్చిన పాత నూనె డబ్బా అయినా సరే, అంచులు మడిచి ఉండాలి. పడుకునే కర్ర పెట్టెల కన్నా ఎత్తులో ఉండాలి. లేకపోతే పెట్టెల్లోనే పడుకుని గుడ్లన్నీ రెట్టపాలు చేస్తాయి.

కర్రలు మొదట్లో పుచ్చిపోతున్నాయి

చెదలు. పాతే భాగానికి మెకానిక్ షెడ్డులో దొరికే కాలిన ఇంజిన్ ఆయిల్ పట్టించండి. కోళ్లు పొడవకుండా అది నేల లోపలి భాగానికి మాత్రమే ఉండాలి.

అన్నీ సరిగ్గా ఉన్నా కోళ్లు చస్తున్నాయి

ఆకుపచ్చ విరేచనాలు, మెడ తిరిగిపోవడం, వరసగా చావులు కనిపిస్తే గూటిని మరమ్మతు చేస్తూ కూర్చోవద్దు. కొక్కెర తెగులు కావచ్చు. వచ్చాక దానికి మందు లేదు, ముందే టీకా వేయించాలి. జబ్బు కోళ్లను వేరుచేసి, పశువుల ఆసుపత్రిలో చూపించండి. చచ్చినవాటిని కాలువలో పారేయకుండా లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి.