పురుగు తరం లెక్క చూసుకుని చేరండి: కీటక మాలిక్యులర్ బయాలజీ ల్యాబ్‌కి విదేశాల్లో కొత్తగా వచ్చినవారికి సూచనలు

పీహెచ్‌డీకో పోస్ట్‌డాక్‌కో విదేశీ ల్యాబ్ నుంచి ఆఫర్ వచ్చాక అందరూ జీతం, వీసా, ఇల్లు గురించి అడుగుతారు. అడగకుండా వదిలేసే ప్రశ్న ఒకటుంది: అక్కడ పనిచేయబోయే పురుగుకి ఒక తరం ఎన్ని రోజులు? కాంట్రాక్టు నెలల్లో ఉంటుంది, ప్రయోగం తరాల్లో నడుస్తుంది. ఈ రెండింటికీ పొంతన కుదురుతుందో లేదో చేరకముందే లెక్క కట్టుకోవచ్చు.

డీఎన్ఏని కోరిన చోట కోసే క్రిస్పర్ పద్ధతితో ఒక జీన్‌ని పాడుచేసి స్థిరమైన లైన్, అంటే ఆ మార్పు తరతరాలుగా నిలిచే పురుగుల వంశం, తయారుచేయాలనుకోండి. గుడ్లలోకి ఇంజెక్ట్ చేసిన తరం జీ0. అవి పెద్దయ్యాక మామూలు పురుగులతో జతకట్టిస్తే వచ్చేది జీ1. జీ0 పురుగు బీజకణాల్లో ఒక్కోదానిలో ఒక్కో రకం మార్పు ఉండవచ్చు కాబట్టి, జీ1లో అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఒకే మార్పు మోస్తున్నారని అనుకోకూడదు. ఒక్కో జీ1 పురుగుని విడిగా మళ్లీ మామూలు పురుగుతో కలపాలి. అప్పుడు వచ్చే జీ2లో ఒకే మార్పు ఉన్న ఆడ, మగ దొరుకుతాయి. వాటిని కలిపితే జీ3లో నాలుగింట ఒకటి రెండు కాపీల్లోనూ మార్పుతో పుడుతుంది, ఆ మార్పు ప్రాణాంతకం కాకపోతేనే. అంటే మొత్తం నాలుగు తరాలు.

డ్రోసోఫిలా ఈగకి 25 డిగ్రీల దగ్గర తరం సుమారు 10 రోజులు. కాగితం మీద 40 రోజులు పడుతుంది, చేతిలో రెండు మూడు నెలలు పడుతుంది. ట్రైబోలియం పెంకుపురుగుకి 30 డిగ్రీలు దాటిన వేడిలో దాదాపు నెల, కాబట్టి అన్నీ కలిసొచ్చినా నాలుగైదు నెలలు. ఏడాదికి ఒకే తరం ఉండి, మధ్యలో చలికాలపు నిద్ర కూడా కావాల్సిన పురుగైతే రెండేళ్ల కాంట్రాక్టులో ఈ పని పూర్తవదు. అలాంటి పురుగుతో చేరడం తప్పేమీ కాదు. కానీ ప్రాజెక్టు ఇలా జీన్‌ని పాడుచేసిన నాకౌట్ లైన్ మీద ఆధారపడకూడదు. ఇంజెక్ట్ చేసిన తరంలోనే ఫలితం చూసుకునే ప్రశ్నలు, ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్, కణాల్లో ప్రోటీన్ పని లాంటివి ఎంచుకోవాలి. ఈ మాట ఇంటర్వ్యూలోనే గైడ్‌తో మాట్లాడుకోవచ్చు. లెక్క వేసుకుని వచ్చినవారిని ఏ గైడూ తక్కువగా చూడరు.

సూట్‌కేసులో పెట్టకూడనివి

స్వదేశంలో పనిచేసిన పురుగుల్ని, గుడ్లని, ఆల్కహాల్‌లో ఉంచిన నమూనాల్ని వెంట తెచ్చుకోవాలన్న ఆలోచన మానుకోండి. ప్రాణమున్న కీటకాలకి దిగుమతి అనుమతి కావాలి. సాధారణంగా దాన్ని తీసుకోవలసింది పంపేవారు కాదు, అందుకునే ల్యాబ్. పంటల తెగులుగా పేరున్న పురుగైతే, ముఖ్యంగా ఆ దేశంలో లేనిదైతే, రెండు తలుపుల పెంపకం గది, వడపోత ఉన్న గాలి, వ్యర్థాల్ని వేడి ఆవిరితో క్రిమిరహితం చేసే ఆటోక్లేవ్ చూపిస్తేగాని అనుమతి రాదు. జన్యుమార్పిడి లైన్లకి ఇంకో కాగితం విడిగా ఉంటుంది. చనిపోయిన నమూనాలకీ, వాటి డీఎన్ఏకీ కూడా మూలదేశపు జీవవైవిధ్య చట్టాలు వర్తించవచ్చు. జన్యు వనరుల వాడకం మీద 2014 అక్టోబరులో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం నగోయా ప్రోటోకాల్ తర్వాత చాలా సంస్థలు ఆ పత్రాలు లేకుండా నమూనాల్ని ఫ్రీజర్‌లో కూడా పెట్టనివ్వవు. పైగా గాఢమైన ఆల్కహాల్ విమానంలో ప్రమాదకర సరుకు. నెలలు పట్టే పని కాబట్టి ఆఫర్ లెటర్ వచ్చిన వారంలోనే మొదలుపెట్టించండి.

డ్రోసోఫిలా వాళ్లకి ఈ బాధ తక్కువ. బ్లూమింగ్టన్, క్యోటో, వియన్నా స్టాక్ సెంటర్ల నుంచి లైన్లు తెప్పించుకోవచ్చు. వచ్చిన ట్యూబుల్ని మాత్రం నేరుగా మిగతావాటి పక్కన పెట్టకండి. కంటికి సరిగ్గా ఆనని, నల్లుల్లాంటి మైట్లు వాటితో వస్తాయి. కనీసం రెండు తరాలు వేరే ట్రేలో, వేరే గదిలో ఉంచి, పెద్ద ఈగల్ని మాత్రమే కొత్త ట్యూబులకి మార్చుతూ గమనించాలి. మైట్లు ఒక్క ట్యూబు నుంచి మొత్తం ల్యాబ్‌కి పాకితే ఆ కోపం ఏడాదైనా చల్లారదు.

మొదటి నెల పెంపకం గదిలోనే

కొత్తవారు చేసే పెద్ద పొరపాటు, వచ్చిన మర్నాడే పైపెట్ పట్టుకోవడం. మొదటి నెల పురుగుల్ని పెంచేవారి వెనకాలే తిరగండి. చాలా ల్యాబ్‌ల్లో ఆ పని చేసేది టెక్నీషియన్. ప్రొటోకాల్‌లో లేని సంగతులు ఆ మనిషికి తెలుసు: మేతలో తడి ఎంత ఉంటే బూజు పడుతుంది, ఏ షెల్ఫులో ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు తేడా వస్తుంది అన్నవి. మీ లైన్‌కి రెండో కాపీ వేరే ఇన్క్యుబేటర్లో ఉంచండి. డ్రోసోఫిలా అయితే ఒకటి 25 డిగ్రీల్లో, ఇంకోటి 18 డిగ్రీల్లో. రెండోదానిలో తరం దాదాపు రెట్టింపు కాలం తీసుకుంటుంది కాబట్టి చాకిరీ తగ్గుతుంది, ప్రమాదానికి రక్షణా ఉంటుంది. కన్నె ఆడ ఈగల్ని ఏరడానికి 25 డిగ్రీల దగ్గర 8 గంటల గడువు పెట్టుకుంటారు. 18 డిగ్రీల దగ్గర రాత్రంతా వదిలి ఉదయం ఏరుకోవచ్చు. నిద్ర కావాలనుకునేవారు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

గొంగళిపురుగుల్ని పెంచే చోట రోగాలే అసలు శత్రువు. లార్వాలు మెత్తబడి, కరిగి, వేలాడుతుంటే ఎన్‌పీవీ వైరస్ అని అనుమానించాలి. అది చాలావరకు గుడ్డు పైపెంకుకి అంటుకుని వస్తుంది కాబట్టి, పలుచని సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్)తో గుడ్లు కడిగి బాగా నీళ్లు పోస్తే అదుపులోకి వస్తుంది. పట్టుపురుగుల్లో పెబ్రిన్ రోగం తెచ్చే నోసీమా లాంటి మైక్రోస్పొరిడియా పరాన్నజీవులు అలా కాదు. తల్లి నుంచి గుడ్డు లోపలికే చేరతాయి, కడిగితే పోవు. గుడ్లు పెట్టిన తల్లి చిమ్మటని నూరి మైక్రోస్కోపు కింద చూసి, రోగబీజాలు (స్పోర్లు) కనిపిస్తే ఆ గుడ్లు పారేయాలి. 1860ల్లో లూయీ పాశ్చర్ చూపిన ఈ దారే ఇప్పటికీ పనిచేస్తోంది. ఎదుగుదల మందగించిన కాలనీలో చేసిన నాకౌట్ ఫలితం జీన్ వల్లో, రోగం వల్లో చెప్పలేం. అందుకే ఈ పని ఎవరికో వదిలేయకూడదు.

ఇంకో పని కూడా అప్పుడే ముగించండి. డబ్బా మీద రాసిన జాతి పేరు నమ్మకుండా, కాలనీ నుంచి కొన్ని పురుగుల్లో జాతిని గుర్తించడానికి వాడే సీఓఐ జీన్ ముక్క, 658 బేస్‌లది, సీక్వెన్స్ చేయించండి. తెల్లదోమ లాంటి వాటిలో కంటికి ఒకేలా కనిపించే జాతులు చాలా ఉన్నాయి. పనిలో పనిగా పురుగుల కణాల్లో ఉండే వోల్బాకియా బ్యాక్టీరియా ఉందో లేదో పీసీఆర్‌తో చూడండి. రెండు కాలనీల సంకరంలో గుడ్లు పొదగకపోతే, జీన్‌ని తప్పుపట్టేముందు ఈ బ్యాక్టీరియాని అనుమానించాలి.

ఆర్ఎన్ఏ పాడైందని కంగారుపడకముందు

ఎలుకల మీదో మొక్కల మీదో పనిచేసి ఈ రంగానికి వచ్చినవారిని బాగా బెదిరించేది మొదటి ఆర్ఎన్ఏ రిపోర్టు. మామూలుగా రైబోసోము ఆర్ఎన్ఏలవి 28ఎస్, 18ఎస్ అని రెండు శిఖరాలు కనిపించాలి. చాలా కీటకాల్లో ఒక్కటే కనిపిస్తుంది, మెషీన్ ఇచ్చే నాణ్యత మార్కు పడిపోతుంది. కారణం ఏమిటంటే, వాటి 28ఎస్ అణువు మధ్యలో సహజంగానే ఒక తెగుదల ఉంటుంది. హైడ్రోజన్ బంధాలు రెండు ముక్కల్నీ పట్టి ఉంచుతాయి. పరీక్షకి ముందు వేడిచేయగానే అవి విడిపోయి, రెండూ 18ఎస్ పక్కకే వచ్చి చేరతాయి. అదే నమూనాని వేడిచేయకుండా నడిపితే రెండు శిఖరాలూ కనబడతాయి. సీక్వెన్సింగ్ కేంద్రం నమూనాని తిప్పి పంపితే ఈ సంగతి ఈమెయిల్‌లో రాయండి, వాళ్లకి తెలిసిన విషయమే. అసలు చూడవలసింది శిఖరం కింద చిన్న ముక్కల గుట్ట ఉందా అన్నది. అది ఉంటే మాత్రం నిజంగానే పాడైంది.

ఆర్ఎన్ఏ తీసే ద్రావణం ట్రైజాల్ వాడేటప్పుడు 1 మిల్లీలీటరుకి 50 నుంచి 100 మిల్లీగ్రాముల కణజాలం మించకూడదు, 0.2 మిల్లీలీటర్ల క్లోరోఫాం కలపాలి. పెద్ద పురుగులైతే తల తీసేయడం మంచిది, కంటి వర్ణకాలు పీసీఆర్‌ని అడ్డుకుంటాయి. ఒక హెచ్చరిక: గుడ్లు కడిగిన హైపోక్లోరైట్ వ్యర్థాన్నీ ట్రైజాల్ వ్యర్థాన్నీ ఒకే సీసాలో పోయకండి. ట్రైజాల్‌లో ఉండే గ్వానిడిన్ థయోసయనేట్ బ్లీచ్‌తో కలిస్తే విషవాయువులు వస్తాయి.

రెండు పోగుల ఆర్ఎన్ఏ ఎక్కించి జీన్‌ని అణచే పద్ధతి, ఆర్ఎన్ఏఐ, విషయంలో పురుగుని బట్టి ఆశ పెట్టుకోవాలి. ట్రైబోలియం ఒంట్లోకి రెండు పోగుల ఆర్ఎన్ఏ ఎక్కిస్తే శరీరమంతా పనిచేస్తుంది, ఆడదానికి ఎక్కిస్తే పిల్లల్లోనూ కనిపిస్తుంది. చిమ్మటల, సీతాకోకచిలుకల కుటుంబాల్లో ఫలితం నిలకడగా ఉండదు. పేగులో, రక్తంలో ఉన్న ఎంజైములు ఆ ఆర్ఎన్ఏని ముక్కలు చేస్తాయి, కణంలోకి వెళ్లింది కూడా చాలావరకు ఎండోసోములనే చిన్న సంచుల్లో చిక్కుకుంటుంది. గొంగళిపురుగులో ఆర్ఎన్ఏఐ మీదే నిలబడ్డ ప్రాజెక్టు ఇస్తే, అదే జాతిలో ల్యాబ్ ఇంతకుముందు సాధించిన ఫలితం చూపించమని మర్యాదగా అడగండి. కంట్రోల్‌గా నీళ్లు సరిపోవు. జీఎఫ్‌పీ లాంటి పరాయి జీన్‌కి చెందిన, అంతే పొడవున్న ఆర్ఎన్ఏ ఎక్కించాలి. జీన్ ఎంత తగ్గిందో కొలిచే క్యూపీసీఆర్‌లో వాడే ప్రైమర్లలో (చిన్న డీఎన్ఏ ముక్కల్లో) కనీసం ఒకటి, ఎక్కించిన ముక్క బయట పడాలి. లేకపోతే మీరు ఎక్కించిందే కొలుచుకుని, జీన్ తగ్గలేదని బాధపడతారు.

గుడ్లలో ఇంజెక్షన్ నేర్చుకునేటప్పుడు మొదటి రోజుల్లో ఉత్త బఫర్‌తోనే సాధన చేయండి. బఫర్‌కే గుడ్లు చనిపోతుంటే తప్పు సూదిదో, ఇంజెక్షన్‌కి ముందు గుడ్లని ఎండబెట్టడానిదో. అవి బతికి క్రిస్పర్ మిశ్రమానికి మాత్రమే చస్తుంటే మోతాదు తగ్గించి చూడాలి, లేదా ఆ జీన్ లేకుండా పిండం బతకదేమో ఆలోచించాలి. డ్రోసోఫిలాలో గుడ్డు పెట్టిన గంటలోపు, బీజకణాలు విడిపడకముందే, వెనక కొస దగ్గర ఎక్కించాలి.

ఒంటి సంగతి

చిమ్మటల రెక్కల పొలుసులు, మిడతల, బొద్దింకల విసర్జన పొడి నెలల తర్వాత ఎలర్జీ తెస్తాయి. మొదట తుమ్ములు, కళ్ల దురద, ఆ తర్వాత ఆస్తమా. ఒకసారి మొదలైతే తగ్గడం కష్టం, కొందరు పురుగునే మార్చుకోవలసి వస్తుంది. మొదటిరోజు నుంచే సరిగ్గా అమరిన ఎన్95 మాస్కు, పెంపకం గదికి విడిగా కోటు వాడండి. లక్షణం కనిపించగానే సంస్థ వైద్య విభాగంలో నమోదు చేయించండి. వీసా పోతుందన్న భయంతో దాచుకుంటే మందు ఆలస్యమవడమే కాక, అది పనివల్ల వచ్చిందని తర్వాత రుజువు చేయడమూ కష్టమవుతుంది.

ఫెలోషిప్, పేపరు, వెళ్లేరోజు

గడువు తేదీల్ని చేరకముందే చూసుకోవలసిన చోట్లున్నాయి. యూరప్ మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కి దరఖాస్తు గడువుకి ముందు 36 నెలల్లో, చేరబోయే ల్యాబ్ ఉన్న దేశంలో 12 నెలలకి మించి ఉండకూడదు, పీహెచ్‌డీ తర్వాత పరిశోధనానుభవం 8 ఏళ్లు దాటకూడదు. ముందు చేరిపోయి తర్వాత తీరిగ్గా రాద్దాం అనుకుంటే అర్హతే పోవచ్చు. ఏ ఏడాదికి ఆ ఏడాది నిబంధనలు చదవాలి.

పెద్ద ప్రాజెక్టుతోపాటు తరాల అవసరం లేని చిన్న పని ఒకటి మొదటి ఆరునెలల్లోనే పట్టుకోండి. జీన్ కుటుంబం విశ్లేషణో, ఇప్పటికే ఉన్న సీక్వెన్సుల మీద పనో అయితే కాలనీ చచ్చిపోయినా పేపరు ఆగదు. పేపరు రచయితల్లో మీ పేరు ఎన్నోది అన్న మాట పని మొదట్లోనే తేల్చుకుని, చిన్న ఈమెయిల్‌లో రాసి పెట్టుకోండి.

నోట్‌బుక్కు, లైన్లు, ప్లాస్మిడ్లు సాధారణంగా సంస్థవే, మీవి కావు. వెంట తీసుకెళ్లాలంటే పదార్థ బదిలీ ఒప్పందం కావాలి, రెండు సంస్థల న్యాయవిభాగాల సంతకాలకి నెలలు పట్టవచ్చు. దానితోపాటు కొత్త చోట దిగుమతి అనుమతీ కావాలి. చాలా ల్యాబ్‌ల్లో పురుగుల లైన్లని గడ్డకట్టించి దాచే సౌకర్యం ఉండదు. ఆ కాగితాలు వచ్చేదాకా ఎవరో ఒకరు వాటికి మేత వేస్తూనే ఉండాలి. ఎవరు, ఎన్నాళ్లు, ఎన్ని లైన్లు అన్నది ఆఖరి రోజుకి కనీసం మూడు నెలల ముందే పేరుతో సహా తేల్చి, లైన్ల జాబితా, ప్రతిదానికీ గుర్తించే ప్రైమర్ల వివరం, మేత వేయాల్సిన వారం వారికి రాసి ఇవ్వండి.